చేరకముందే జీతం

"ఏమ్మా, మేలో చేరినదానివి, ఫిబ్రవరిలో జీతం ఎలా మింగావు?" ఓనర్ కాగితం నా ముఖాన విసిరికొట్టాడు.

నేను బ్యాంకు ఫైలు తెరిచి చూపించాను. "నా జీతం పడింది జూన్ రెండున సార్. బ్యాంకు వేసే తేదీలో రోజు ముందు, నెల వెనక. అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో దాన్ని తిరగేశారు. జూన్ రెండు కాస్తా ఫిబ్రవరి ఆరై కూర్చుంది. ఎవరా మహానుభావుడు?"

ఆయన గొంతు దిగింది. "నేనే. మూడేళ్లుగా నేనే ఎక్కిస్తున్నా. సర్లే, సరిచెయ్. బయటికి పొక్కనివ్వకు."

"పొక్కకుండా ఎలా సార్? చేరకముందే జీతం తిన్నాడని, పోయినేడు నేనిప్పుడు కూర్చునే ఈ అకౌంటెంట్ కుర్చీలోంచే మీరు పోలీసులకి పట్టించిన పెద్దాయన మా మామగారు. మేలో నేను చేరింది మీ నోట ఈ 'నేనే' వినడానికే."