సమాధికి సవరణలు

“ఇంకా పోలేదా?” ఫోన్లో అడిగింది గిస్లేన్. శుక్రవారం కచేరీ ఏర్పాట్లన్నీ ఆవిడవే.

“లేదు. నిన్న రెండు చెంచాలు సూప్ కూడా తాగారట,” అన్నాడు ఎమిలియెన్, తప్పు తనదే అయినట్టు.

“చూడు, కార్యక్రమం కాగితం రేపు పదింటికల్లా ప్రెస్సుకి వెళ్ళాలి. అందులో ‘రువియేర్ సమాధి’ అని వేసి, ఆ రువియేరేమో మంచం మీద కూర్చుని సూప్ తాగుతుంటే లియోన్ ఊరంతా నవ్విపోదూ? రేపటికి సంగతి తేలకపోతే నీది తీసేసి ఇంకొకరిది పెడతా. ఏమీ అనుకోకు.”

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడు? గురువు పోతే ఆయన పేరున శిష్యుడు కట్టే సంగీతాన్ని అక్కడ సమాధి అనే అంటారు. రువియేర్ మాస్టారు వారం కంటే బతకడని డాక్టరు చెప్పగానే ఎమిలియెన్ తిండీ తిప్పలూ మాని పదకొండు రోజుల్లో ఈ సమాధి కట్టేశాడు. అతనికి అరవై ఒక్కేళ్ళు. ఇంతవరకూ ఏది రాసినా పత్రికలవాళ్ళు ‘రువియేర్ నీడ’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ ఒక్కటైనా తనదనిపించుకోవాలి. అందుకు మాస్టారు రేపటిలోగా పోవాలి. అలా అనుకోవడానికి అతనికే ఒళ్ళు జలదరించింది. అయినా అనుకున్నాడు.

మధ్యాహ్నం మాస్టారింటికి వెళితే ఆయన చెల్లెలు జేలీ తలుపు తీసింది. ఆవిడకే ఎనభై నాలుగు.

“ఏం నాయనా, ఉన్నాడో ఊడాడో చూసిపోదామనా?”

“అయ్యో, అవేం మాటలండీ!”

“రా, రా. నీకోసమే చూస్తున్నాడు.”

రువియేర్ మూడు దిళ్ళకి చేరగిలబడి ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మనిషి ఎండిపోయాడు గానీ కళ్ళలో వెటకారం ఎండిపోలేదు.

“నాకు సమాధి కట్టావటగా? ఏదీ, ఇలా తే.”

“ఎవరు చెప్పారు మాస్టారూ?”

“ఊరందరికీ తెలిసింది. శవానికి తెలియకూడదా?”

ఎమిలియెన్‌కి సంచీలోంచి కాగితాలు తియ్యక తప్పలేదు.

“నువ్వెళ్ళి వంటింట్లో కూర్చో. నెత్తిమీద నిలబడితే నాకు వినపడదు,” అన్నాడు రువియేర్. కాగితం చూస్తే చాలు, ఆయనకి వాద్యాలన్నీ వినపడతాయి.

వంటింట్లో జేలీ గ్లాసులో వైను పోసింది. అతను ముట్టలేదు. లోపల్నించి దగ్గు, పెన్సిలు గీకుడు, మళ్ళీ దగ్గు. రెండు గంటల తర్వాత పిలుపొచ్చింది.

పదకొండు పేజీలూ ఎర్ర పెన్సిలు రాతలతో ఎర్రబారి ఉన్నాయి. అతని స్వరాల మీద కొట్టివేతలు, పైనా కిందా కొత్త స్వరాలు. వణికే చెయ్యే, కానీ ఎక్కడా తడుముకోలేదు.

“మాస్టారూ! ఇది నా రచన!”

“రచన నీదే. సమాధి నాది కదట్రా. కట్టేవాడివి నువ్వు, పడుకునేవాణ్ణి నేను. తల ఎటు పెట్టుకోవాలో నన్ను చెప్పుకోనివ్వవూ?”

“నలభై ఏళ్ళుగా మీరు దిద్దించిందే రాశాను. ఇది మాత్రం వదిలెయ్యండి. ఒక్క స్వరం కూడా మార్చను!”

“మార్చకు. వినేవాళ్ళు నిద్రపోతారు. నాకూ తోడుంటారు.”

ఎమిలియెన్ కాగితాలు లాక్కుని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

ఇంటికొచ్చి పియానో ముందు కూర్చుని తను రాసింది రాసినట్టు వాయించాడు. తర్వాత, ముసలాడి చాదస్తం చూసి నవ్వుకుందామని ఎర్ర స్వరాలు వాయించాడు. మూడో పేజీకి చేతులు ఆగిపోయాయి. పదకొండు రోజులు వెంటపడినా తనకి చిక్కనిది అక్కడ ఎర్రగా రాసి ఉంది. అతనికి ఏడుపొచ్చింది. ఆ మనిషిని అంతగా ఎన్నడూ ప్రేమించలేదు, అంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు.

తెల్లవారి ఏడింటికి జేలీ ఫోన్ చేసింది.

“వెళ్ళిపోయాడు నాయనా, అయిదింటికి. ‘వాడు వాయించి చూశాడా’ అని ఒకటే కలవరింత.”

ఎమిలియెన్ గడియారం చూశాడు. ప్రెస్సుకి ఇంకా మూడు గంటలు టైముంది. ఆ లెక్క వేసుకున్నందుకు సిగ్గుపడుతూనే గిస్లేన్‌కి ఫోన్ చేశాడు.

ఆ తర్వాత తలుపేసుకుని ఎర్ర స్వరాలన్నీ తెల్లకాగితాల మీదికి తన చేత్తో ఎత్తిరాశాడు. కచేరీ కాగానే అందరికీ నిజం చెప్పేద్దామనుకున్నాడు. అలా అనుకుంటూనే ఎర్ర పేజీలు ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టాడు.

శుక్రవారం హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎమిలియెన్ మూడుసార్లు వేదికెక్కి వంగి దణ్ణం పెట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అతను చెప్పనూ లేదు.

శనివారం పొద్దున్న మాస్టారి పెట్టెని గోతిలోకి దించారు. అందరూ తలో పువ్వు వేసి వెళ్ళాక జేలీ ఆనాటి పత్రిక తీసి అతని చేతికిచ్చింది.

“నీ గురించి రాశారట. కళ్ళజోడు తేలేదు, నువ్వే చదువు. కాస్త గట్టిగా, అన్నయ్యకీ వినపడేలా.”

తప్పించుకునే దారి లేదు. ఎమిలియెన్ గోతి అంచున నిలబడి చదివాడు.

“‘నలభై ఏళ్ళకి శిష్యుడు గురువు నీడ దాటాడు. రువియేర్ జన్మలో రాయలేని సంగీతం ఇది...’” అతను పత్రిక మడవబోయాడు.

“ఆగావేం? ఇంకా ఉన్నట్టుందే?”

“‘ఒక్కటే లోపం. మొట్టమొదట చెలో వాద్యం పలికే అయిదు స్వరాలు మాత్రం అచ్చం గురువుగారి నకలు.’”

మొత్తం రచనలో మాస్టారి ఎర్ర పెన్సిలు తగలనివి, ఎమిలియెన్ సొంతంగా రాసుకున్నవి ఆ అయిదే.