పురుగుల మందే దిక్కు

"తలుపు తియ్యి బిడ్డా! నీ కాళ్లు మొక్కుత, తాగకు!"

వాసంతి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కప్పు పట్టుకుని మోచేత్తో గడియ తీసింది. ఇంటి ఓనరు సీతాబాయి దూసుకొచ్చి, ఆ కప్పు లాక్కుని సింకులో పారబోసింది. అందులో ఉన్నది టీ.

"కిటికీలకెల్లి అంత ఇన్న. ఏ మందూ పనిచెయ్యట్లేదు, ఇక పురుగుల మందే దిక్కు అంటివి. నా ఇంట్ల గిట్ల చేస్తవా? మేడ మీద నా గులాబీలకు కొట్టే మందు మొత్తం ఒంపేసి వచ్చిన. ఇగ నీకు చుక్క దొరకది!" అని ఖాళీ డబ్బా చూపించి భోరుమంది.

"ఎవరండీ తాగేది?" అన్నాడు ఫోనులో ల్యాబ్ బాసు ఉదయ్ భాస్కర్.

"ఎవరూ తాగట్లేదు సర్, ఒక్క నిమిషం," అని వాసంతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. "అది చంపే మందు కాదు ఆంటీ. మట్టిలో కంటికి ఆనని పురుగొకటి ఉంది. దాని కడుపులో బ్యాక్టీరియా. రెండూ కలిసి ఓ గొంగళిపురుగులో దూరి, దాన్ని చంపి తింటాయి. వేరే క్రిములొచ్చి పంక్తిలో కూర్చోకుండా ఆ బ్యాక్టీరియా ఓ మందు తయారుచేస్తుంది. ఏ మందుకీ లొంగని రోగాలకి అదే పనికొస్తుందని మా ఆశ. ముద్దుగా పురుగుల మందు అంటాం."

సీతాబాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరి ఫోన్ల గంత పరేషాన్ ఎందుకైతున్నవ్?"

"పురుగు నుంచి విడదీసి పెంచేసరికి బ్యాక్టీరియా అలిగింది. మందు చెయ్యడం మానేసింది. రేపటికల్లా మళ్లీ అసలు పురుగు తేకపోతే ల్యాబ్ మూసేస్తారట. అది దొరికిన చెరువు గట్టు మీద ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి."

"అయ్యో, మరెట్ల?"

"భయం లేదు ఆంటీ. ఆ మట్టి కొంచెం ముందే తెచ్చి దాచాను."

సీతాబాయి ప్రాణం కుదుటపడింది. "మంచిగ చేసినవ్ బిడ్డా. ఏడ దాచినవ్?"

"మన మేడ మీదే. మొక్క లేని కుండీలో."

సీతాబాయి చేతిలో డబ్బా వంక చూసుకుంది.

"గులాబీలు మాడిపోతయని," అంది మెల్లగా, "మొక్క లేని కుండీ చూసే పోసిన బిడ్డా."