కురిసే ఇల్లు

చెవికి దారిచూపి అనే మాట్లాడే యంత్రం తగిలించుకోని పిల్లలిప్పుడు విశాఖలో లేరు. ఏం చదవాలో, ఏ పని చేస్తే నాలుగు డబ్బులొస్తాయో అదే చెబుతుంది. కొండవాలు రేకుల ఇంట్లో ఉండే లోవకుమారిని అది కాసేపు ప్రశ్నలడిగి, "నీ దగ్గర అమ్ముడుపోయేది మీ లేమి ఒక్కటే" అని తేల్చేసింది. అప్పట్నుంచీ గోడ మీది కెమెరా ఆ ఇంటిని లోకానికి చూపిస్తోంది. కలిగినవాళ్లు చూసి, కళ్లు తుడుచుకుని, డబ్బు పంపుతున్నారు.

ఆ డబ్బుతో కొన్న కొత్త రేకులు ఇంటి వెనక పడున్నాయి. వాన మొదలైన దగ్గర్నుంచీ లోవకుమారి కాలు ఒకచోట నిలవడం లేదు. మాటిమాటికీ వెళ్లి వాటిని తడిమి వస్తోంది. లోపల తల్లి ఒక చేత్తో గొడుగు పట్టుకుని, పొయ్యి మీది పులుసు కలుపుతోంది.

"ఆ రేకులు ఎక్కించీయొచ్చు కదేటి?" అంది తల్లి.

"కప్పు బాగైతే ఎవరూ చూడరు," అంది చెవిలో దారిచూపి.

"మరి నేను బాగుపడేదెప్పుడు?" అని గొణిగింది లోవకుమారి.

"బాగుపడ్డావుగా. ఈ కొండ మీద నీ అంత సంపాదన ఎవరికుంది? మీ అమ్మ గొడుగు తీసెయ్. మొహం కనబడటం లేదు."

లోవకుమారి తల్లి చేతిలోని గొడుగు అందుకుని, ముడిచింది.

"ఏటే ఇది, తడిసిపోతన్నాను," అంది తల్లి.

"ఇప్పుడు బాగుంది," అంది దారిచూపి.