వద్దన్న ఇంజక్షన్

మధుసూదనరావుకు ముందుగా ఆ కుర్చీయే నచ్చలేదు.

కీమో వార్డులో కిటికీ పక్కన చోటిచ్చారు. వాలంటీరు ఒకావిడ టీ, బిస్కెట్లు తెచ్చింది. టీలో పాలు తక్కువన్నాడు. బిస్కెట్టు మెత్తబడిందన్నాడు. ఈ కుర్చీలో పొద్దంతా కూర్చోవడం ఏ జన్మలో చేసుకున్న పాపమో అని కోడలు కావ్యశ్రీకి వినబడేలా గొణిగాడు.

ఆయన వరంగల్‌లో విద్యుత్ శాఖ ఇంజినీరుగా రిటైరయ్యాడు. రిటైరైంది ఉద్యోగం నుంచే, అధికారం నుంచి కాదు. జబ్బు సంగతి బయటపడగానే కొడుకు సృజన్ టికెట్ పంపి, న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్‌లోని తన ఇంటికి పిలిపించుకున్నాడు. సృజన్‌కు వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు. శుక్రవారం సాయంత్రం విమానంలో వచ్చి ఆదివారం వెళ్లిపోతాడు. అందుకని ఆసుపత్రికి వెళ్లేది మామా కోడళ్లిద్దరే. కారు కావ్యశ్రీ నడిపేది. ఆయన వెనక సీట్లో కూర్చుని, ఆమె బ్రేకు వేసినప్పుడల్లా కడుపులో తిప్పుతోందనేవాడు.

నర్సు పేరు మనస్విని. నెల్లూరు అమ్మాయి. ఆక్లాండ్‌కు చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. తెలుగువాళ్లని చూసి సంబరపడి, కీమో మందు ఎక్కించే ముందు వాంతులు రాకుండా ఒక ఇంజక్షన్ ఇస్తామని చెప్పింది.

మధుసూదనరావు నవ్వాడు. "వాంతే రాలేదు, వాంతికి మందేందమ్మా?"

"మొదలయ్యాక ఆపడం కష్టం అంకుల్. అందుకే ముందే ఇచ్చేస్తాం."

మందు అమ్ముకోవాలంటే ముందు భయం అమ్మాలని, ఇలాంటి వ్యాపారాలు తన సర్వీసులో చాలా చూశానని ఆయన ఆ అమ్మాయికి ఉపన్యాసం ఇచ్చాడు. సూది గుచ్చేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వాంతి కాలేదు. మర్నాడూ కాలేదు. ఇక ఆయన్ని పట్టడానికి వీల్లేకపోయింది. ఎలా ఉందని సృజన్ ఫోన్ చేస్తే తనే ఎత్తి తనే జవాబు చెప్పాడు. కీమో అంటే ఉత్త బెదిరింపని తేల్చేశాడు. బట్టతల వచ్చి ఏళ్లయింది కనుక జుట్టు రాలడం గురించి ఆయనకు ఏ చింతా లేదు. కావలసిందల్లా వేళకు వేడన్నం, చారు, ఏదో ఒక వేపుడు. పోపు వేసేటప్పుడు కావ్యశ్రీ వంటింటి కిటికీ తెరిచేది. చలిగాలి కొడుతోందని ఆయన మూయించేవాడు.

సముద్రం పక్కన నడకకు వెళితే విద్యాసాగర్ అనే పెద్దమనిషి కలిసేవాడు. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో తన భార్యకు కీమో చేయించారట. నీళ్లు కూడా లోపల నిలవక అల్లాడిపోయి, చస్తే చస్తాను గానీ ఇంక ఆసుపత్రికి రానని మొండికేసిందట. వైద్యం మధ్యలో ఆగిపోయింది. ఆవిడ దక్కలేదు. ఇప్పుడు మంచి ఇంజక్షన్లు వచ్చాయి, మానకండి అని విద్యాసాగర్ చెప్పాడు.

"మనసు గట్టిగ లేకుంటే గంతే సార్," అన్నాడు మధుసూదనరావు.

ఆ తర్వాత విద్యాసాగర్ నడకకు వేరే దారి పట్టాడు.

రెండో కీమోకు కూడా వాంతి కాలేదు. ఇంజక్షన్ పనిచేసింది కాబట్టే కాలేదన్న ఆలోచన ఆ ఇంజినీరు బుర్రకు తట్టలేదు. కాలేదు కాబట్టి ఇంజక్షనే అక్కర్లేదని తట్టింది. పైగా వాంతయితేనే మేలనీ, లోపలి విషం బయటికి పోతుందనీ యూట్యూబ్‌లో ఎవరో చెప్పగా విన్నాడు. వచ్చేసారి ఆ సూది వేయించేది లేదని అన్నం తింటూ ప్రకటించాడు.

కావ్యశ్రీ పళ్లెంలో మెతుకులు కెలుకుతూ, డాక్టర్ని ఒకమాట అడుగుదాం మామయ్యా అంది.

"డాక్టరెవడు చెప్పనీకి? ఇది మనింటి ముచ్చట."

సృజన్ ఫోన్‌లో కాసేపు బతిమాలాడు. నాన్నతో వాదించి గెలిచిన అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. చివరికి, సరే నాన్నా మీ ఇష్టం అని పెట్టేశాడు. కావ్యశ్రీ ఆ ఫోన్ వైపు చాలాసేపు చూసి, లేచి గిన్నెలు తోమింది.

మూడో కీమో రోజు పొద్దుటి నుంచీ వాన. కావ్యశ్రీ ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని కారు తీసింది. దారిపొడుగునా ఆయన తన సిద్ధాంతం చెబుతూనే ఉన్నాడు. ఆమె వైపర్ల మధ్యలోంచి రోడ్డు చూస్తూ ఊకొట్టింది.

వార్డులో మనస్విని ట్రే పట్టుకుని రాగానే మధుసూదనరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మొదటి సూది ఒద్దు. కీమో ఒక్కటియ్యి, చాలు."

మనస్విని ట్రే పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి వివరించింది. ఇది లేకపోతే వాంతులు రోజుల తరబడి ఆగకపోవచ్చంది. ఒంట్లో నీరు పోయి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చంది. ఆయన వింటున్నంతసేపూ చూపుడువేలితో కుర్చీ చేతి మీద కొడుతూనే ఉన్నాడు.

"అయితే కానియ్. తట్టుకుంటం. మా ఇంట్ల గింతదానికి భయపడేటోళ్లు ఎవరూ లేరు. ఒద్దని నేనే చెప్తున్న, రాసుకో."

"మీరు వద్దన్నారు. విన్నాను అంకుల్," అంది మనస్విని.

ఆయన విజయగర్వంతో వెనక్కి వాలాడు.

మనస్విని ఆయన్ని దాటి పక్కనున్న వాలు కుర్చీ దగ్గరకు వెళ్లి, "పేషెంటు మీరు, మీరు చెప్పండి, వెయ్యమంటారా?" అని అడగ్గానే, కావ్యశ్రీ స్వెటర్ పైకి మడిచి చెయ్యి ముందుకు చాపింది.