ప్రవర్తనకు పది మార్కులు

సున్నా వేయడంలో కక్ష ఏముంది, ఇంటర్నల్స్‌లో ప్రవర్తనకు పది మార్కులని మొదటిరోజే చెప్పాడు కదా, మేనేజ్‌మెంట్ చదివే పిల్లకు క్లాసులో కూర్చోవడమే రాకపోతే రేపు ఆఫీసులో ఏం కూర్చుంటుంది, అనుకుంటూ గురునాథరావు బస్సులో కాలేజీ స్టాపు దాటి పోయాడు.

బస్సు దిగి గాజువాక ఎండలో వెనక్కి నడుస్తున్నా అదే ఆలోచన.

చివరి బెంచీ అమ్మాయి. ఆమె స్టీలు బాటిల్.

పాఠం మధ్యలో, సరిగ్గా ముఖ్యమైన మాట నోటిదాకా వచ్చిన వేళకే అది ఖంగుమని కింద పడుతుంది. క్లాసంతా వెనక్కి తిరుగుతుంది. నవ్వుతుంది.

ఒకసారైతే చెయ్యి జారిందనుకోవచ్చు. సెమిస్టరు పొడుగునా అదే వరస.

నంబరు నలభై రెండు. అతను విద్యార్థులను నంబర్లతోనే పిలుస్తాడు. పేర్లతో పిలిస్తే చనువెక్కువవుతుందని తోటి లెక్చరర్లతో అంటుంటాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. వెంట క్లాసు కుర్రాడు చందు.

"సార్, నాకు ప్రవర్తనలో సున్నా పడిందండి."

"పడలేదు. వేశాను."

"రేపు షిప్పింగ్ కంపెనీవోళ్లు ఇంటర్వ్యూకి వస్తన్నారు సార్. అరవై శాతం ఉండాలంట. ఇది పోతే నా పేరు లిస్టులోకి ఎల్లదు."

"తెలుసు."

"ఆ ఉద్యోగం నాకు సానా అవసరం సార్."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. సాయంత్రం దాకా మార్చే వీలుంది. బాటిల్ ఎందుకు పడేస్తావో కారణం చెప్పు. నమ్మేలా ఉంటే మార్కులు వేస్తాను."

అమ్మాయి అతని ముఖంలోకి చూసింది. తర్వాత అతని టేబుల్ మీది సీసాలోని నీళ్ల వైపు చూసింది.

"సెయ్యి జారిపోతాది సార్."

"రోజూనా?"



చందు ఆగలేకపోయాడు. "సెప్పియ్యే పైడీ. ఏటవుద్ది? సెప్తే సారే సిగ్గు..."

"నువ్వు నోరు ముయ్యిరా." అంత మెత్తని పిల్ల అంత కటువుగా అనడం గురునాథరావు ఎప్పుడూ వినలేదు. ఆమె మళ్లీ ఇటు తిరిగింది. "కారణం ఏటీ లేదు సార్."

ఏదో పందెం కాసుకుని ఉంటారు, అనుకున్నాడతను.

"అయితే సున్నాయే. ఇంకోసారి ఆ బాటిల్ కనబడితే నా క్లాసులోకి రావద్దు."

"అలాగేనండి."

చందు మెట్లు దిగుతూ గొణుగుతున్నాడు. "బాగుందే నీ యవ్వారం. బాటిల్ నీది, సొట్టలు నీవి, సున్నా నీది."

ఆ మాట గురునాథరావుకు వినబడింది. వినబడనట్టే కంప్యూటర్లో మార్కులు పంపించేశాడు.

మర్నాడు క్లాసులో సగం బెంచీలు ఖాళీ. అరవై దాటినవాళ్లంతా, చందుతో సహా, ఇస్త్రీ చొక్కాలతో కింద సెమినార్ హాల్లో వరసలో ఉన్నారు.

నంబరు నలభై రెండు మాత్రం చివరి బెంచీలోనే ఉంది. బాటిల్ లేదు. అతనికి తృప్తిగా అనిపించింది.

ఉద్యోగి పనితనాన్ని ఎలా అంచనా కట్టాలన్నది ఆ రోజు పాఠం. బోర్డు మీద రాసి ఇటు తిరిగాడు.

"మనం ఇవాళ చెప్పుకునేది ప్..."

పెదవులు అతుక్కుపోయాయి.

"ప్... ప్..."

చిన్నప్పుడు స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో తోటి పిల్లలు వెంటబడి వెక్కిరించిన నత్తి. దానికి భయపడే వాక్యాలు మార్చుకున్నాడు, పేర్లు మానేసి నంబర్లు పట్టుకున్నాడు. ఈ సెమిస్టర్లో తన మాటకు ఒక్కరూ నవ్వలేదు కాబట్టి అది పోయిందనే అనుకున్నాడు.

ఇప్పుడు ముందు బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఫ్యాను చప్పుడు పెద్దదైంది. మాట రాలేదు.

అతని చూపు దానంతటదే చివరి బెంచీ వైపు పోయింది. ఏదో చప్పుడు కోసం ఎదురు చూస్తున్నట్టు.

అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుని ఉంది. పట్టుకోవడానికి ఏదీ లేని చేతులు. అతని నోట ఆగిపోయిన మాటను ఆమె పెదవులు శబ్దం లేకుండా పలుకుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మాట సాఫీగా సాగుతున్నప్పుడు బాటిల్ ఒక్కనాడూ పడలేదు. మాట ఇరుక్కున్నప్పుడే పడింది. అందరూ అటు తిరిగి నవ్వేవారు. ఆ సందులో మాట బయటపడేది. దాని వెనకే ఆమె మీద తిట్లు. తిట్టేటప్పుడు అతని నాలుక ఏనాడూ తడబడలేదు.

సెమిస్టరంతా అతని మీదికి రావలసిన నవ్వునే ఆ పిల్ల తన మీదికి మళ్లించుకుంది.

నిన్న కారణం అడిగితే దాన్ని అతని ముఖం మీద చెప్పలేక ఉద్యోగం వదులుకుంది.

కింద సెమినార్ హాల్లోంచి ఎవరినో పిలుస్తున్న మైకు వినిపించింది. ఆ పేరు ఆమెది కాదు.

గురునాథరావు చాక్‌పీసు టేబుల్ మీద పెట్టాడు. చివరి బెంచీ వైపు తిరిగాడు. వేరే మాట వెతుక్కోలేదు. నవ్వేవాళ్లను నవ్వనిచ్చి, మొదటి అక్షరం దగ్గర ఆగిపోతూ, మళ్లీ మొదలుపెడుతూ, ఎంతసేపు పడితే అంతసేపు తీసుకుని, పైడితల్లిని పేరు పెట్టి పిలిచాడు.