గంటా పది నిమిషాలు

"అమ్మా, ఇక్కణ్ణించి ఓడరేవు పట్నానికి ఎంత దూరం?"

"ఆరువందల ఇరవై కిలోమీటర్లు, తాతగారూ."

"విమానంలో ఎంతసేపు?"

"గంటా పది నిమిషాలు. పొద్దున మీరు అడిగినప్పుడూ అంతే."

అవతల గొంతు కంగారుపడింది. "పొద్దున నేను చెయ్యలేదే!"

చేశాడు. పొద్దున జలుబు గొంతుతో, మధ్యాహ్నం ఆడగొంతుతో. ఆ ఆడగొంతు మధ్యలో దగ్గితే మీసాలు కనబడ్డంత పనైంది.

అది విమానాల ఆఫీసులో మెట్ల కింద చిన్న గది. ఒక ఫోను, ఒక కుర్చీ, గోడకి వేళల పట్టిక. ఎవరు ఏది అడిగినా చెప్పడమే ఆ అమ్మాయి పని.

మొదటి ఉద్యోగం. ఇంట్లో ఇంకెవరికీ ఉద్యోగం లేదు.

"రోజుకి ఇరవై ఫోన్లు రాకపోతే ఈ గది మూసేస్తారు" అని మేనేజరు మొదటి రోజే చెప్పాడు.

ఎప్పుడూ ఇరవై ఒకటో, ఇరవై రెండో వచ్చేవి. ఆ అమ్మాయి నిశ్చింతగా ఉండేది.

తాతగారిది మాత్రం రోజుకి ఆరేడుసార్లు అదే ప్రశ్న. చివర్లో ఒక సలహా.

"కుర్చీ కిర్రుమంటోంది. వెనక్కి వాలకమ్మా, పడతావు."

'అబ్బో, పాము చెవులు!' అనుకునేది.

ఒకరోజు ఒక పెద్దమనిషి కోపంతో ఊగిపోతూ గదిలోకొచ్చాడు.

"అరగంట నుంచి చేస్తున్నాను. ఎవరితోనమ్మా ఆ కబుర్లు?"

మేనేజరు ఎదుటే అడిగాడు. ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది.

వాళ్ళిద్దరూ అటు వెళ్ళగానే ఫోను మోగింది.

"అమ్మా, ఇక్కణ్ణించి..."

"తాతగారూ, మీరు ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు! అవసరం ఉన్నవాళ్ళకి లైను దొరకట్లేదు. ఇంకెప్పుడూ చెయ్యకండి!"

అవతల గొంతు చిన్నబోయింది.

"అలాగేనమ్మా."

మళ్ళీ చెయ్యలేదు.

రెండ్రోజులు హాయిగా ఉంది. మూడోరోజు ఫోను వంక చూస్తూ, ఎవరూ అడక్కుండానే "గంటా పది నిమిషాలు" అని గొణుక్కుంది.

నెలాఖరున మేనేజరు ఒక కాగితం తెచ్చాడు.

"రోజుకి పద్నాలుగే వస్తున్నాయమ్మా. శనివారంతో గది మూసేస్తున్నారు."

శనివారం సంచి సర్దుకుంటూ ఆగింది. రోజూ ఫోను మీద చూసి చూసి ఆ నంబరు నోటికొచ్చేసింది. నొక్కింది.

"తాతగారూ, నేను. ఆవేళ అలా కసరాల్సింది కాదు."

"ఫర్వాలేదులే తల్లీ. ఇవాళ ఎన్నొచ్చాయి?"

"పదకొండు. గది మూసేస్తున్నారు."

అవతల పెద్ద నిట్టూర్పు.

"ఇంకా ఆ ఇరవై లెక్కే ఉందన్నమాట. ఆరేడు నేను చేస్తుంటే ఎలాగో గట్టెక్కేది. నువ్వు వద్దన్నాక మొండికెయ్యలేకపోయాను. ఇప్పుడు చేస్తే పనికొస్తుందా?"

"లేదు తాతయ్యా."

గారు పోయి తాతయ్య ఎప్పుడొచ్చిందో ఆ అమ్మాయికే తెలీదు. కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వాలింది. కుర్చీ కిర్రుమంది.

"ఆ కుర్చీని మాత్రం పాత సామాన్లలో పడెయ్యనివ్వకమ్మా. దాని ఎడమకాలికి తాడు కట్టుకుని ముప్ఫై ఏళ్ళు దానిమీదే కూర్చున్నాను."