తోకతో ఊపిరి

ఫిజీలోని నౌసోరిలో ఆ శనివారం షీలా ఇంటి వెనక పిల్లలంతా ఒక జామ్ సీసా చుట్టూ బోర్లా పడుకుని ఉన్నారు.

సీసాలో నిలవనీళ్లు. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

వాళ్ల మధ్య నెరిసిన జుట్టు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. పేరు యోగేంద్ర. పక్కింటి వీరస్వామి తాత గదిలో కొత్తగా అద్దెకు దిగాడు. పిల్లలకు మాత్రం ఆజా, అంటే తాత.

"ఆజా, ఇవి తలకిందులుగా ఎందుకు వేలాడుతున్నాయి?" షీలా కూతురు మంజు అడిగింది.

"నువ్వే చూసి చెప్పు, బేటీ."

మంజు సీసాకు ముక్కు ఆనించింది. చాలాసేపు కదల్లేదు.

"తోక పైకి పెట్టినాయి. తోకతోనే ఊపిరి తీస్తాయా?"

"అంతే."

అప్పుడే నీళ్లమీద ఒక గూడు చిట్లింది. అందులోంచి దోమ మెల్లగా లేచి, నీళ్లమీదే నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

"ఎగిరిపోతుంది ఆజా, ఆపేదెట్లా?"

"దీన్ని ఆపలేం. మిగతావాటి నీళ్లు పారబోస్తే చాలు."

ఆ రోజునుంచి పిల్లలకు అదే ఆట. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీల కింది పళ్లాలు. ముందు పురుగుల్ని చూడడం, తర్వాత నీళ్లు బోర్లించడం.

ఒకరోజు షీలా బట్టలకని నీళ్లు పట్టి ఉంచిన డ్రమ్ము కూడా ఖాళీ అయింది.

వీధిలో అప్పటికే ఒక మాట తిరుగుతోంది. యోగేంద్ర కౌన్సిల్ మనిషని, జరిమానాలు వేయించడానికి పిల్లల చేత ఇళ్లు వెతికిస్తున్నాడని.

షీలా తిన్నగా అతని దగ్గరికి వెళ్లింది.

"కాకా, నువ్వు కౌన్సిల్ ఇన్‌స్పెక్టరువా?"

"కాదు బేటీ."

"మరి మా ఇంట్లో నీళ్లతో నీకేం పని?"

"పిల్లలకు పురుగులంటే ఇష్టం. చూపిస్తున్నా."

"మా పిల్లల్ని గలీజులో తిప్పొద్దు. ఇంక మా ఇంటి వైపు రావొద్దు."

అతను చేతిలోని సీసాలో నీళ్లు ఎండిన మట్టిమీద పోశాడు.

"అచ్ఛా, బేటీ" అన్నాడు.

మంజు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. కానీ ఆట మానలేదు. మిగతా పిల్లలూ మానలేదు.

వానలు ముదిరాక డెంగూ వచ్చింది.

ఆసుపత్రి వరండాల్లో చాపలు పరిచారు. బజారు వైపు ఇళ్లలో ఇంటికొకరు మంచం పట్టారు. షీలా వీధిలో మాత్రం ఒకరిద్దరికి మించి జ్వరం రాలేదు.

ఇళ్లు చూడడానికి వచ్చిన నర్సు పెరళ్లన్నీ తిరిగి ఆశ్చర్యపోయింది.

"ఇక్కడ ఎక్కడా నీళ్లు నిలవలేదే. ఎవరు చెప్పారు మీకు?"

"మా ఆజా" అంది మంజు.

షీలా ఆ సాయంత్రం రోటీ, దాలో అనే చేమ ఆకుల కూర డబ్బాలో సర్దుకుని పక్కింటికి వెళ్లింది.

గది తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. ఇన్నాళ్లూ అతను కనబడకపోతే, తను రావొద్దన్నందుకేనని షీలా అనుకుంది.

"వెళ్లిపోయినాడు గదమ్మా" అన్నాడు వీరస్వామి తాత. "నువ్వు మాట్లాడినావే, ఆ మర్నాడే."

"ఎక్కడికి తాతా?"

"నవువా ఊరికి పోతా అన్నాడు. అక్కడ కూడా పిల్లలున్నారు అన్నాడు."

"ఆయన స్కూల్లో మాస్టరా?"

"కాదమ్మా. నవాకా అనే ఊళ్లో చెరకు లారీ తోలేటోడు. ఈ దోమల సంగతి డాక్టర్లని అడిగి అడిగి నేర్చుకున్నాడు."

"అంత అక్కర ఎందుకు?"

వీరస్వామి తాత ఆమె చేతిలోని డబ్బా వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఫిజీకి స్వతంత్రం వచ్చి కొత్త జెండా ఎగిరిన మరుసటి ఏడు ఈ జ్వరమే వచ్చింది గదా, నవాకాలో అందరికంటే ముందు పోయిన పాప ఆయన కూతురే."